పేరు లేని కార్డు

"నా కోడలు నన్ను గయ్యాళి అంటుంది. నేను దాన్ని ఒళ్లు వంగనిది అంటాను. అది మా ఇంటి గొడవ, గుమ్మం దాటదు. కానీ మనిషిని చలిగదిలో పెట్టి తాళం వేసే రకం కాదది. ఈ మాట నా నోటితోనే చెప్పాలని వచ్చాను."

అత్తగారు ఆ మాట అన్నది డిటెక్టివ్‌తో. చూసింది మాత్రం తలుపుకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ వైపు.

"అందరు అత్తలూ మీలాగే ఉంటే మాకు సగం కేసులు తగ్గుతాయమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాలుగింటికి ఆడపోలీసుల జీపు వస్తుంది. మీ కోడలికి రెండు దుప్పట్లు, ఓ జత బట్టలు తెచ్చి పెట్టండి."

"నువ్వు చెప్పకముందే తెచ్చాను నాయనా." ఆమె కాళ్ల దగ్గర ఉబ్బిన సంచీ ఉంది. "వాటిని మళ్లీ నేనే ఇంటికి మోసుకెళ్తాను, చూస్తుండు."

డిటెక్టివ్‌ని ఈ కోల్డ్ స్టోరేజీకి పిలిపించింది ఆ అత్తగారే. ఆమె కోడలు ఇక్కడ సూపర్‌వైజర్. నిన్న షిఫ్ట్ అయిపోగానే రెండో గదికి తాళం వేసి ఇంటికి వెళ్లింది. ఈ ఉదయం గది తెరిస్తే తలుపు వెనకాల, మోకాళ్లు గుండెలకి అదుముకుని, గది కడిగే మనిషి గడ్డకట్టి ఉంది. ఆమె గొంతు పెద్దది. ఈ చివర నుంచి మాట్లాడితే ఆ చివర లారీలవాళ్లు జవాబిచ్చేవారు. అందుకని అందరూ ఆమెను మైకమ్మ అనేవారు. ఆ గది తలుపు మందం జానెడు. ఎంత పెద్ద గొంతైనా దాన్ని దాటదు.

సూపర్‌వైజర్ చలికోటు విప్పకుండానే బల్లకి అవతల కూర్చుని ఉంది.

"ఏం జరిగిందో చెప్పు," అంది డిటెక్టివ్. "ఏడుపు వస్తే తర్వాత ఏడుద్దువుగాని."

"ఏడుపు రావట్లేదక్కా. ఒళ్లు మండిపోతోంది. నన్ను చూస్తే నాకే మండిపోతోంది." ఆమె రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టింది. "షిఫ్ట్ అయిపోయింది. తలుపు మూసి, పక్కనున్న తెరకి నా కార్డు పెట్టాను. లోపల ఎవరైనా ఉన్నారా అన్నది సిస్టమే చూసుకుంటుంది. పచ్చగా 'గది ఖాళీ' అని పడింది. తాళం నొక్కాను."

"లోపల మనిషి ఉంటే?"

"ఎర్రగా పేర్లు పడతాయి. అప్పుడు మనం తలకిందులుగా తపస్సు చేసినా తాళం పడదు."

"మైకమ్మ అందులోకి వెళ్లడం చూశావా?"

"చూళ్లేదు. పొద్దున సెలవు అడిగింది. ఇవ్వనన్నాను. మాటా మాటా అనుకున్నాం. ఆ కోపంతో రోజంతా ఆమె మొహం చూడకుండా తిరిగాను." గొంతు ఒక్కసారి తెగి మళ్లీ అతుక్కుంది. "చూసి ఉంటే ఎక్కడుందో తెలిసేది."

"విన్నారు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పొద్దున పోట్లాట, సాయంత్రం తాళం. నేను కొత్తగా చెప్పేదేముంది? ఇదిగో, ఇది కూడా చూడండి."

ఫోన్ చాచాడు. నడవా చివర కెమెరా తీసిన బొమ్మ. సూపర్‌వైజర్ వీపు. ఆమె తలకి చాలా ఎత్తున, తలుపు మీద ఎర్రదీపాల బోర్డు. బోర్డు మీద ఒకటి అంకె.

"లోపల ఎంతమంది ఉన్నారో ఆ బోర్డు చెప్తుంది. ఒకరున్నారని చెప్తూనే ఉంది. ఈవిడ తాళం వేస్తూనే ఉంది."

"తెర ఖాళీ అందంటోందిగా," అంది డిటెక్టివ్.

"బలవంతపు మీట ఒకటుందట. అది నొక్కితే సిస్టమ్ నోరు మూసుకుని ఖాళీ అని రాసుకుంటుందట. మేనేజర్ చెప్పాడు."

"నాకు అలాంటి మీట లేదు," అంది సూపర్‌వైజర్. "అది మేనేజర్ గారి కార్డుకే ఉంది. ఆ కార్డుతో ఏ తలుపైనా తెరుచుకుంటుంది, ఏ తలుపైనా మూసుకుంటుంది."

"మేనేజర్ చెప్పాడు సరే, నువ్వు నొక్కి చూశావా?" అని డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. ఆమె ఉద్యోగం వదిలేశాక ఆ కుర్చీలో కూర్చున్నాడు. నోరు జారినప్పుడు తప్ప నువ్వు అనదు.

"లిఫ్ట్ ఎక్కిన ప్రతిసారీ నేను పైకెళ్లి తాడు చూసి రాను మేడమ్."

"ఎక్కేవాళ్లు చూడక్కర్లేదు. ఎవరో పడి చచ్చాక వచ్చిన పోలీసు చూడాలి."

ఇన్‌స్పెక్టర్ దవడ బిగుసుకుంది. "నాలుగింటిదాకా మీ ఇష్టం. తర్వాత నా ఇష్టం."

* * *

రెండో గదిలోకి వెళ్లడానికి డిటెక్టివ్‌కి దూది కోటు ఒకటి ఇచ్చారు. చేతులు పొడుగైపోయి వేళ్లు కనపడలేదు. లోపల గోడలకి మంచు నూగులా పట్టి ఉంది. అరల నిండా అట్టపెట్టెలు. నేల మీద మనిషి ఆకారంలో పోలీసులు గీసిన గీత చూడకుండా దాటి, డిటెక్టివ్ తలుపు లోపలివైపు నిలబడింది.

అక్కడ ఛాతీ ఎత్తులో గంట మీట ఉంది. దాని చుట్టూ గోడ మీద మాత్రం మంచు లేదు. అరచేతితో రుద్ది రుద్ది తుడిచేసినట్టు నున్నగా ఉంది. మీట మీది ప్లాస్టిక్ మూత పగిలి, ఒక ముక్క ఇంకా వేలాడుతోంది. పగిలిన అంచుకి రబ్బరు చేతితొడుగు తునక నీలంగా అతుక్కుని ఉంది. పక్కనే తలుపు పిడి. అది కిందికి వంగి ఉంది. ఇనుప పిడి.

"ఇది చూశారా?" ఆమె గొంతు పెంచలేదు.

"చూశాను. గంట నొక్కినట్టు రికార్డులో లేదు. తర్వాత ఎవరైనా పగలగొట్టి ఉండొచ్చు."

"ఎవరు? చనిపోయిన మనిషి తొడుగు ఊడదీసి తెచ్చి, దాంతో పగలగొట్టారా? మీ అమ్మాయి స్కూల్లో ఇలాంటి జవాబు రాస్తే టీచరు చెవి మెలిపెడుతుంది."

ఆమె మీట నొక్కింది. నడవా అంతా గంట ఖంగున మోగింది. బయట సూపర్‌వైజర్ ఉలిక్కిపడడం తెరిచిన తలుపులోంచి కనిపించింది.

"ఇప్పుడు మోగింది. నిన్నెందుకు మోగలేదు?"

సూపర్‌వైజర్ గడప దగ్గరకి వచ్చింది గానీ లోపలికి అడుగు పెట్టలేదు. "తాళం పడి, గది ఖాళీ అని ఉంటే మోగదక్కా. మంచు పేరుకుని గంట దానంతట అదే మోగేది. మేనేజర్‌గారికి విసుగొచ్చింది. ఖాళీ గదిలో గంటెందుకు అన్నారు. లోపలి పిడి కూడా అంతే. ఎవడో లోపల దాక్కుని సరుకు దాటించాడని, ఖాళీ గదికి పిడి కూడా పనిచెయ్యకుండా చేశారు."

అంటే ఖాళీ అన్న ఒక్క మాట మీద మూడు ప్రాణాధారాలు వేలాడుతున్నాయి. తాళం, గంట, పిడి. డిటెక్టివ్ బయటికొచ్చి, కార్డు పెట్టే తెర ముందు నిలబడింది. తల పైకెత్తింది. ఆమెకు కనిపించింది బోర్డు కాదు, చల్లగాలి బయటికి పోకుండా తలుపు మీద బిగించిన పొడుగాటి గాలిపెట్టె అడుగుభాగం. చూరులా ముందుకి పొడుచుకొచ్చింది. బోర్డు దాని పైన ఉంది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఇలా రండి. ఇక్కడ నిలబడి ఆ అంకె చదవండి."

అతను వచ్చాడు. పొడగరి. మెడ వంచాడు, పక్కకి వంగాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వెనక్కి వెయ్యకండి. వేస్తే తెరకి చెయ్యి అందదు. మీకే కనపడలేదు, ఆ అమ్మాయి మీ భుజం దాకా లేదు. కెమెరాకి కనపడితే ఆమెకి కనపడినట్టేనా?"

అతను ఫోన్ తీసి ఆ బొమ్మని మళ్లీ చూసుకున్నాడు.

"ఇంకోటి. బోర్డు ఒకటి అంది. అంటే మైకమ్మ కార్డు పెట్టే లోపలికి వెళ్లింది. ఆమె లోపలున్నట్టు ఈ యంత్రానికి తెలుసు. తెలిసిందే తెలిసినట్టు బోర్డుకి చెప్పింది. తాళానికి మాత్రం లేదంది. నాకు ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో కావాలి."

* * *

ప్రోగ్రామర్ గది మేడ మీద ఉంది. అతను మేనేజర్ బావమరిది. అక్క మొహం చూసి బావ ఇచ్చిన ఉద్యోగం. వీళ్లు వెళ్లేసరికి మేనేజర్ అక్కడే ఉన్నాడు, బావమరిది కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని. మెడలో వెండిరంగు కార్డు, దాని మీద అతని పేరు పెద్ద అక్షరాల్లో.

"మావాడు చిన్నవాడు మేడమ్. పోలీసులంటే కంగారు. ఏదున్నా నన్నడగండి."

"మీవాడికి గడ్డం నెరుస్తోంది. కాసేపు కంగారుపడనివ్వండి." ఆమె ప్రోగ్రామర్ ఎదురుగా స్టూలు లాక్కుంది. "బాబూ, ఆ బోర్డు ఎలా లెక్కపెడుతుంది?"

"లోపలికి వెళ్లిన కార్డుల పేర్లతో ఒక జాబితా ఉంటుంది. దాని పొడవెంతో అడుగుతుంది."

"తాళం?"

"అదే జాబితాని ఖాళీనా అని అడుగుతుంది."

"పొడవు ఒకటి అన్న జాబితా, ఖాళీనా అంటే అవునని ఎలా అంది?"

ప్రోగ్రామర్ కీబోర్డు మీది దుమ్ముని వేలితో తుడుస్తూ కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చిన అత్తగారు ఆయాసపడుతూ, "అడుగుతోంది కదా, చెప్పు నాయనా," అంది. ఆ మాటకేమో, అతను తలెత్తాడు.

"ఈ భాషలో కొన్ని వస్తువులు పుట్టుకతోనే వస్తాయండీ. అంకెలు, అక్షరాల వరుసలు, జాబితాలు. మనం తయారుచెయ్యక్కర్లేదు. వాటికి కొన్ని పనులు ముందే వచ్చు. కొన్ని భాషల్లో వాటిని ముట్టుకోనివ్వరు. ఇందులో అలా కాదు. జాబితాకి మనం కొత్త పని నేర్పచ్చు. నేర్పాక, భాషతో వచ్చిందేదో మనం నేర్పిందేదో తేడా తెలీదు."

"ఏ జాబితాకి నేర్పితే ఆ జాబితాకేనా?"

"కాదు. జాబితా అనే జాతికే. ప్రోగ్రాంలో ఎక్కడున్నా, ఎవరు రాసిందైనా, ఇక ముందు పుట్టబోయేదైనా సరే, అన్నిటికీ వచ్చేస్తుంది."

"నువ్వేం నేర్పావు?"

"సరుకు ఆర్డర్లలో ఉత్త వరుసలు వచ్చేవి. సరుకు పేరుండేది కాదు. వాటికి కూడా లారీ కట్టేసేవారు, అది ఖాళీగా వెళ్లి ఖాళీగా వచ్చేది. అందుకని జాబితాకి ఒక పని నేర్పాను. నీలో ఉన్నవన్నీ పేరు లేనివే అయితే, నీలో ఏమీ లేనట్టే అని. దానికి 'ఉత్తదేనా' అని పేరు పెట్టాను. చాలాకాలం ఏ గొడవా లేదు."

"తాళం అడిగేది ఖాళీనా అని కదా. ఉత్తదేనా అని కాదుగా."

అతను బావ వైపు చూడకుండా ఉండడానికి అవస్థ పడ్డాడు.

"ఆర్డర్ల ప్రోగ్రాంలో పాత చోట్లన్నీ 'ఖాళీనా' అనే ఉంది. ఒక్కోటీ వెతికి మార్చాలంటే వారం పడుతుంది. సాయంత్రానికల్లా కావాలన్నారు. అందుకని, ఖాళీనా అని అడిగినా ఉత్తదేనా జవాబే చెప్పమని జాబితాకే నేర్పేశాను. ఒక్క లైను."

"భాషతో పుట్టిన జవాబునే మార్చేశావు."

"తాళం ప్రోగ్రాం నాది కాదండీ. తాళాల కంపెనీవాళ్లది. వాళ్లు సరిగ్గానే రాశారు. కానీ రెండూ ఒకే చోట, కలిసి నడుస్తాయి. వాళ్ల జాబితా కూడా..."

"జాతిదే." డిటెక్టివ్ స్టూలు మీంచి లేచింది. "నలుగురు వాడే వంటింట్లో ఉప్పు డబ్బా ఖాళీ చేసి పంచదార పోశావు. నీ చేతికి దగ్గరగా ఉందని. డబ్బా మీద ఉప్పు అన్న చీటీ అలాగే ఉంచావు. వెనకొచ్చి వండుకున్న వాళ్ల ఖర్మ."

"ఉప్పు రుచి చూస్తే తెలుస్తుంది," అంది అత్తగారు. "దీనికి అదీ లేదు."

డిటెక్టివ్ కోటు జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పడేసింది. గేటు పక్కన మేకులకి వేలాడుతున్న కాంట్రాక్టు కార్డుల్లోది. బొమ్మ లేదు, పేరు లేదు. మూలన నంబరు మాత్రం ఉంది.

"మైకమ్మదీ ఇలాంటిదే. వీటి మీద పేర్లేవి?"

"కాంట్రాక్టు మనుషులు మారుతుంటారు మేడమ్," అన్నాడు మేనేజర్. "ఈ రోజు ఒకరు, రేపు ఒకరు. ఎవరొస్తే వాళ్లు తగిలించుకుంటారు."

"మైకమ్మ ఎన్నాళ్లుగా మారుతోంది?"

"ఆరేళ్లుగా," అంది గుమ్మంలోంచి సూపర్‌వైజర్. "పోయిన నెలదాకా కార్డు మీద పేరుండేది. ఏడాది నిండినవాళ్లు పర్మనెంట్ చెయ్యమని అడుగుతున్నారని అందరి పేర్లూ తీసేశారు. సిస్టంలోంచి కూడా. పేరు లేనివాళ్లకి ఏడాది నిండదు కదా. ఇన్నాళ్లూ లోపల మాలాంటి పేరున్నవాళ్లం ఎవరో ఒకరం తోడుండేవాళ్లం. నిన్న ఆమె ఒక్కతే వెళ్లింది." ఆమె మేనేజర్ వైపు తిరిగింది. "తోడు పంపాల్సింది నేను. కోపంతో పంపలేదు. అది నా తప్పు. కానీ ఆమెని మనిషిగా లెక్కలోంచి తీసేసింది మీరు."

"కథ బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అయితే ఇందాకటి వెటకారం లేదు, విసుగు ఉంది. "జాబితాకి చదువు చెప్పాడట, అది మనిషిని చంపిందట. జడ్జిగారికి ఇది ఎలా చెప్పను మేడమ్? ఆయన ఫోన్‌లో బొమ్మలు పంపడం కూడా మనవడితో చేయిస్తాడు."

"చెప్పక్కర్లేదు. చేసి చూపిద్దాం. మేనేజర్‌గారు గదిలోకి వెళ్తారు. ఈ కార్డు పెట్టుకుని."

* * *

కిందికి దిగేటప్పుడు మేనేజర్ నవ్వుతూనే ఉన్నాడు. కోటు తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, మెడలోని వెండి కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

"అది కాదు. ఇది," అని డిటెక్టివ్ పేరు లేని కార్డు అందించింది.

"నాకు నా కార్డుంది కదండీ. నా పేరున కార్డుండగా ఇంకొకరిది వాడకూడదు. రూలు ఒప్పుకోదు."

"ఎవరొస్తే వాళ్లు తగిలించుకుంటారని ఇప్పుడే అన్నారు."

"అది వాళ్లకి."

"ఒక్క నిమిషం పని. బయట ఇన్‌స్పెక్టర్ ఉన్నారు, నేనున్నాను, తాళం తెరిచే మనిషి ఉంది. మీ సిస్టమ్ తప్పు చెప్పదని మీరే పోలీసులకి రాసిచ్చారు. భయం దేనికి?"

"భయమేముంది? నా కార్డుతో అయితే ఎన్నిసార్లయినా వెళ్తాను."

ఆ మాట నడవాలో అలాగే నిలబడిపోయింది. తన నోట్లోంచి వచ్చిందేమిటో మేనేజర్‌కి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. గాలిపెట్టె కింద, ఊపిరి పొగలా కనపడే ఆ చలిలో, అతని పైపెదవి మీద చెమట పట్టింది.

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని ఉన్నవాడు నిటారుగా నిలబడ్డాడు. "మేనేజర్‌గారూ. ఆ కార్డు పెట్టుకుని వెళ్లండి."

"వెళ్లను."

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ చేతిలోంచి కార్డు లాక్కున్నాడు, కోటు కూడా అడగలేదు, తెరకి కార్డు పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు అతని వెనక మూసుకుంది.

డిటెక్టివ్ నాలుగడుగులు వెనక్కి నడిచి చూసింది. బోర్డు మీద ఒకటి.

"నీ కార్డు పెట్టు."

సూపర్‌వైజర్ చెయ్యి తెర దాకా వెళ్లి ఆగింది. "నావల్ల కాదక్కా."

"నిన్న నువ్వు ఏం చూశావో వీళ్లందరూ చూడాలి. పెట్టు."

ఆమె పెట్టింది. తెర ఒకసారి మెరిసి పచ్చగా మారింది. గది ఖాళీ. కింద ఒకే ఒక మీట, తాళం. బలవంతపు మీట ఎక్కడా లేదు. సూపర్‌వైజర్ కళ్లు మూసుకుని నొక్కింది. తలుపులో ఇనుము ఇనుములోకి దిగిన చప్పుడు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. గంట మోగలేదు. తలుపు కదల్లేదు. గాలిపెట్టె రొద ఒక్కటే. లోపల ఆరడుగుల మనిషి ఉన్నాడని బయట నిలబడ్డవాళ్లలో ఒక్కరికీ చెవులు చెప్పలేదు. అత్తగారు సంచీ గుండెలకి అదుముకుంది.

సూపర్‌వైజర్ ఇక ఆగలేకపోయింది. ఎవరూ చెప్పకుండానే కార్డు పెట్టి తాళం తీసి, రెండు చేతులతో తలుపు లాగింది.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఉన్నాడు. కుడి పిడికిలి ఎర్రగా కందిపోయి ఉంది.

"గంట నొక్కాను," అన్నాడు. "పిడి లాగాను. తలుపు బాదాను. అరిచాను."

"మాకేమీ వినపడలేదు."

"ఏమీ?"

"ఏమీ."

అతను ఆ పిడికిలిని చూసుకున్నాడు. మీట మీద పగిలిన మూతని మళ్లీ ఒకసారి చూశాడు. ఉదయం నుంచి మొదటిసారి, సరిగ్గా చూశాడు. ఆ తర్వాత అతని కోపం దిశ మార్చుకుంది. మేనేజర్ కాలరు అతని గుప్పిట్లోకి ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు.

"నీకు తెలుసు."

"నాకేం తెలీదు సార్, వీడు రాసిన..."

"బావా." మెట్ల మీంచి ప్రోగ్రామర్ గొంతు. దిగి వస్తూ మధ్యలో ఆగిపోయి ఉన్నాడు. "పేర్లు తీసేసిన రోజే చెప్పాను. పేరు లేని కార్డు మాత్రమే లోపలుంటే ఖాళీ అంటోంది, ఆ ఒక్క లైను తీసేస్తాను, నాలుగు రోజులు ఆర్డర్లు తప్పులొస్తాయి, సర్దుకుందాం అన్నాను. తనిఖీవాళ్లు వచ్చి వెళ్లేదాకా ఏదీ ముట్టుకోకు అన్నావు."

"నోర్ముయ్. మీ అక్క మొహం ఎలా చూస్తావ్?"

"అక్క మొహం చూసే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

అత్తగారు మేనేజర్ ముందుకి నడిచి, అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. "పైగా నా కోడలి మీదికి తోశావు. దాన్ని తిట్టే హక్కు నా ఒక్కదానికే ఉంది."

గేటు దగ్గర జీపు హారన్ వినిపించింది. నాలుగయింది. ఆడపోలీసులు వచ్చారు.

ఎవరూ కదల్లేదు. డిటెక్టివ్ మాత్రం ఆ హారన్ వినగానే ప్రోగ్రామర్ వైపు తిరిగింది. నాలుగు అంటే షిఫ్ట్ అయిపోయే వేళ. ఆమె మనసులో ఉప్పు డబ్బా మళ్లీ కదిలింది. పనికొచ్చిన డబ్బాని ఎవరూ ఒక్క వంటింటికే ఉంచుకోరు.

"నువ్వు రాసింది ఇంకెక్కడైనా వాడుతున్నారా?"

ప్రోగ్రామర్ మిగిలిన మెట్లు కూడా దిగి వచ్చాడు. "బావ వాళ్ల తమ్ముడికి ఊరవతల ఇంకో కోల్డ్ స్టోరేజీ ఉంది. నాదే కాపీ చేసి ఇచ్చాను. ఒక్క అక్షరం మార్చలేదు."

"అక్కడ కార్డుల మీద పేర్లున్నాయా?"

"అన్నదమ్ములిద్దరూ కలిసే తీసేశారు."

"ఇక్కణ్ణించి తెరవగలవా?"

"అవదండీ. అక్కడి మెషీన్ అక్కడే."

అతను ఫోన్‌లో అక్కడి సూపర్‌వైజర్ నంబరు నొక్కి ఆమె చేతికిచ్చాడు. చాలాసేపు మోగింది. ఎవరో మగమనిషి తీశాడు, నింపాదిగా.

"వాచ్‌మన్నండీ. షిఫ్ట్ అయిపోయింది. సూపర్‌వైజర్‌గారు అన్నీ మూసేసి ఇప్పుడే బయల్దేరారు."

"చలిగదులు చూసి మూశారా?"

"చూశారండీ. నేను పక్కనే ఉన్నాను. పచ్చగా వచ్చింది. ఖాళీయే."

"మీరు గదుల దగ్గరకి వెళ్లండి. తలుపులకి దూరంగా నిలబడి, పైనున్న బోర్డులు చూడండి. నేను ఆగుతాను."

చెప్పుల చప్పుడు. ఎక్కడో రేకు తలుపు కిర్రుమంది. ఇన్‌స్పెక్టర్ మేనేజర్ కాలరు వదల్లేదు గానీ, అతని చూపు డిటెక్టివ్ మొహం మీదే ఉంది.

"మొదటి గది సున్నా అండీ." నడక. "రెండోది..." వాచ్‌మన్ గొంతులో నింపాది పోయింది. "రెండోదాని మీద మూడు ఉందండీ."

"తలుపు తియ్యండి."

"నా దగ్గర కార్డు లేదండీ. ఆయన్ని పిలుద్దామంటే ఈ ఫోన్ ఆయనదే, టేబుల్ మీద ఛార్జింగుకి పెట్టి మరిచిపోయారు."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ మెడలోని వెండి కార్డుని తాడుతో సహా తెంపాడు. ఏ తలుపునైనా తెరిచే కార్డు. "ఇది అక్కడ పనిచేస్తుందా?"

మేనేజర్ గోడ వైపు చూశాడు. ప్రోగ్రామర్ చెప్పాడు. "చేస్తుంది. అన్నదమ్ములిద్దరి కార్డులూ రెండు చోట్లా పనిచేస్తాయి."

"తలుపు తీసే పద్ధతి నాకు తెలుసు, నేనొస్తాను," అని సూపర్‌వైజర్ అప్పటికే గేటు వైపు పరుగెడుతోంది. తనని తీసుకెళ్లడానికి వచ్చిన జీపులోకి తనే ముందు ఎక్కింది. ఆడపోలీసులు తెల్లబోయి ఇన్‌స్పెక్టర్‌ని చూశారు. అతను వాళ్లకి మేనేజర్‌ని అప్పగించి, ముందు సీట్లో కూలబడ్డాడు.

జీపు కదిలింది. అత్తగారు దాని వెనక నాలుగడుగులు పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తగలదని కోడలికి కూడా తెలీదు. సంచీ విప్పి, పొద్దున జైలు కోసం మడతపెట్టిన దుప్పట్లు రెండూ కిటికీలోంచి లోపలికి తోసింది.

"ముగ్గురికీ చాలవు," అని అరిచింది. "నీ కోటు కూడా కప్పు."

డిటెక్టివ్ చేతిలో ఫోన్ ఇంకా తెరిచే ఉంది.

"అమ్మా," అన్నాడు వాచ్‌మన్. "తలుపుకి చెవి పెట్టి వింటున్నాను. లోపల్నుంచి ఏమీ వినపడట్లేదు. నిజంగా ఎవరైనా ఉన్నారంటారా?"

"వినపడదు," అంది డిటెక్టివ్. "బోర్డు కనపడేలా వెనక్కి వచ్చి నిలబడు. బోర్డు మీద అంకె చదువుతూ ఉండు. నేను వద్దనేదాకా చదువుతూనే ఉండు."

"మూడు," అన్నాడు అతను. "మూడు. మూడు."